‘వేడెక్కితే ఆగిపోతోంది’: రెండుసార్లు చూడాల్సొచ్చిన 1962 కారు కేసు

బండి 1962 మోడల్ సెలూన్. నాలుగు సిలిండర్లు, 1500 సీసీ, ఒకటే కార్బురేటర్, క్యామ్ మీద నడిచే డయాఫ్రమ్ పెట్రోల్ పంపు, అదే పాతోళ్లు ఏసీ అనే కంపెనీ పేరుతో ఏసీ పంపు అనేది, పాయింట్లూ (కాయిల్ కరెంట్‌ని తెరిచి మూసే స్విచ్చు) కండెన్సరూ (ఆ పాయింట్ల దగ్గర నిప్పురవ్వల్ని అణిచేది) ఉన్న డిస్ట్రిబ్యూటర్, అంటే ఒక్కో ప్లగ్గుకీ వంతులవారీగా కరెంట్ పంచేది. దీన్ని మనవాళ్లు చాలామంది ఇప్పటికీ డెల్కో అనే అంటారు, నేనూ ఇక్కడ అలాగే రాసేస్తా. కంపెనీ పేరు చెప్పట్లేదు, ఎందుకంటే తయారుచేసినోళ్ల తప్పు ఇందులో ఏం లేదు, ఆ కాలం బండి దేనికైనా ఇదే జరగొచ్చు. ఓనర్ దీన్ని వింటేజ్ అంటారు. బ్రిటిష్ లెక్కలో వింటేజ్ అంటే 1919 నుంచి 1930 మధ్య బండ్లే, ఇది క్లాసిక్ కిందకి వస్తుంది, కానీ ఆయన ముందు ఆ మాట అనే ధైర్యం నాకు లేదు.

కంప్లైంట్ ఒక్క ముక్కలో చెప్పారు: "ఇంజిన్ వేడెక్కితే ఆగిపోతోంది, అరగంట వదిలేస్తే మళ్లీ స్టార్ట్ అవుతుంది."

ఈ మాట వినగానే నూటికి తొంభై మంది మెకానిక్కులు చెప్పేది వేపర్ లాక్, అంటే పైపులో పెట్రోల్ వేడికి ఆవిరై ఇంజిన్‌కి అందకపోవడం. నేనూ మనసులో అదే అనుకున్నా, దాచడం ఎందుకు. నాకన్నా ముందు చూసినోళ్లు కూడా అదే అనుకున్నట్టున్నారు, బోనెట్ ఎత్తితే పెట్రోల్ పైపు మొత్తానికి వెండిరంగు ఫాయిల్ చుట్టి ఉంది, దాని మీద బట్టలారేసే చెక్క క్లిప్పులు ఆరో ఏడో వరసగా పెట్టి ఉన్నాయి. ఆ క్లిప్పుల చిట్కా చాలా పాతది, పైపు వేడిని అవి లాగేస్తాయని నమ్మకం. చెక్క వేడిని లాగదు, అది అసలు వేడి పాకని సరుకు, కానీ పెట్టినోళ్లందరూ పనిచేసింది అనే చెప్తారు, ఎందుకంటే పెట్టడానికి పావుగంట పడుతుంది, ఆ పావుగంటలో ఇంజిన్ ఎలాగూ చల్లబడుతుంది!

అప్పటికే మార్చినవి: పెట్రోల్ పంపు, కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని స్పార్క్‌కి కావాల్సిన వేల వోల్టులు చేసేది), ప్లగ్గులు, కార్బురేటర్ కిట్. అయినా బండి ఆగుతూనే ఉంది.

ఇక్కడ నేను చేసిన ఒక మంచి పని, ఒక చెడ్డ పని రెండూ చెప్తా. మంచి పని ఏంటంటే ‘వేడెక్కితే’ అన్న మాటని నేను అలాగే నమ్మలేదు. ఓనర్ చూసింది బండి బయల్దేరిన ఇరవై పాతిక నిమిషాలకి ఆగడం. ఆ ఇరవై నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కింది నిజమే, కానీ అదే టైమ్‌లో ట్యాంకులోంచి లీటరున్నర పెట్రోల్ ఖర్చయింది, ట్యాంకు అడుగున చెత్త కదిలింది, కుదుపులకి వైర్లు ఊగాయి. వీటిలో ఏది కారణమో తెలీకుండా వేడి అనేస్తే అది రోగ లక్షణం చెప్పడం కాదు, రోగం పేరే చెప్పేయడం. చెడ్డ పని గురించి తర్వాత వస్తా.

ఓనర్‌ని కూర్చోబెట్టి అడిగా, సార్, ఆగేటప్పుడు ఎలా ఆగుతుంది, దగ్గి దగ్గి ఆగుతుందా, తాళం తిప్పేసినట్టు టక్కున ఆగుతుందా అని. ఆయన కాసేపు ఆలోచించి "రెండు రకాలుగానూ ఆగుతుంది" అన్నారు. ఇది చాలా ముఖ్యమైన మాట. పెట్రోల్ అందక ఆగే ఇంజిన్ ఒక్కసారిగా పోదు, ఫ్లోట్ ఛాంబర్లో, అదే కార్బురేటర్ దగ్గరుండే చిన్న పెట్రోల్ గిన్నెలో, మిగిలింది తాగుతూ పోతుంది, లాగుడు తగ్గుతుంది, రేస్ ఇస్తే ఇంకా నీరసపడుతుంది, ఒకటి రెండుసార్లు కార్బురేటర్లోకి దగ్గుతుంది, అప్పుడు ఆగుతుంది. కరెంట్ పోయి ఆగే ఇంజిన్‌కి ఆ మర్యాదలేం ఉండవు. రెండు రకాలుగానూ అంటే రెండు కారణాలు ఉండొచ్చు అని అప్పుడే అనుకోవాలి. నేను మాత్రం ఆయనకి సరిగ్గా గుర్తులేదేమో అనుకున్నా.

ఇంకో మాట ఆయనే అన్నారు: "ట్యాంకు ఫుల్ చేయించిన రోజు ఎక్కువ ఆగుతుందండీ, అందుకే పెట్రోల్ కల్తీ ఏమో అని బంకు కూడా మార్చా." కల్తీ పెట్రోల్ అయితే ట్యాంకు సగానికి వచ్చేసరికి బాగైపోదు కదా. ఇది విన్నప్పుడు నా చెవి నిక్కబొడుచుకుంది.

మొదటి రోజు పరీక్ష సింపుల్‌గా పెట్టుకున్నా. పంపుకి ముందు అద్దంలాంటి ప్లాస్టిక్ ఫిల్టర్ ఒకటి బిగించా, పెట్రోల్ వస్తోందా గాలి వస్తోందా కంటికి కనపడాలని. కాయిల్ నుంచి డెల్కోకి వెళ్లే లావు హెచ్‌టీ (హై టెన్షన్) వైరుకి టైమింగ్ లైట్ (స్పార్క్ కరెంట్ వెళ్లిన ప్రతిసారీ మెరిసే లైటు) క్లిప్ తగిలించి, లైట్‌ని వైపర్ పక్కన టేపుతో కట్టేశా, నడుపుతుంటే ఆ మెరుపు లోపలికి కనపడుతుంది. ఇంజిన్ ఆగేటప్పుడు ఆ లైట్ చివరి చుట్టు దాకా మెరుస్తూనే ఉంటే కరెంట్ బాగుంది, తప్పు పెట్రోల్ వైపు. ఇంజిన్ ఇంకా తిరుగుతుండగానే లైట్ ఆరిపోతే తప్పు కరెంట్ వైపు. ఖరీదైన మెషీన్లేం అక్కర్లేదు, ఈ ఒక్క లైటు సగం వాదనలు తీర్చేస్తుంది.

ట్యాంకు మెడ దాకా నింపి బయల్దేరాం. పద్దెనిమిదో నిమిషానికి లాగుడు తగ్గింది, దగ్గింది, ఆగింది. లైట్ చివరిదాకా మెరిసింది. బోనెట్ ఎత్తితే ఫిల్టర్ ఖాళీ, అంతకన్నా వింత ఏంటంటే పంపుకి ముందున్న రబ్బరు పైపు చప్పగా లోపలికి అతుక్కుపోయి ఉంది. పైపు ఉబ్బడం వేరు, పీక్కుపోవడం వేరు. పీక్కుపోయిందంటే వెనకనుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు. వెనక్కి వెళ్లి ట్యాంకు మూత తిప్పా, బుస్సుమని పెద్ద చప్పుడు, గాలి లోపలికి పోయింది. మూత వదులుగా పెట్టి సెల్ఫ్ కొడితే కాసేపు తిరిగి స్టార్ట్ అయింది. ఇంజిన్ అంతే వేడిగా ఉంది, నిమిషం కూడా చల్లారలేదు. అంటే దీనికీ వేడికీ సంబంధం లేదు.

సంగతేంటంటే ట్యాంకులోంచి పెట్రోల్ బయటికి పోతే ఆ ఖాళీలోకి గాలి రావాలి. ఈ బండికి ఆ గాలి మూతలో ఉన్న సన్న రంధ్రం గుండా వస్తుంది. పాత మూత తుప్పు పట్టిందని ఓనర్ మెరిసే కొత్త మూత కొన్నారు, సైజు కరెక్టుగా సరిపోయింది, కానీ అది రంధ్రం లేని రకం, గాలి వేరే పైపు గుండా పోయే బండ్లకి చేసింది. ఇప్పుడు ఫుల్ ట్యాంకు లెక్క చూడండి. నిండా ఉన్న ట్యాంకులో పైన గాలి నాలుగు లీటర్లే ఉందనుకుందాం, లీటరు పెట్రోల్ పోతే ఆ నాలుగు లీటర్ల గాలి ఐదు లీటర్ల చోటికి సాగాలి, ఒత్తిడి ఐదోవంతు పడిపోతుంది. అదే సగం ట్యాంకులో ఇరవై లీటర్ల గాలి ఉంటే అదే లీటరుకి ఇరవయ్యొకటికి సాగితే చాలు, ఐదు శాతం కూడా పడదు. పెట్రోల్ ఆవిరి లేచి కొంత పూడుస్తుంది కాబట్టి అసలు అంకెలు ఇంతకన్నా మెత్తగానే ఉంటాయి, కానీ వరస అదే. ఫుల్ ట్యాంకు రోజునే ఎందుకు ఎక్కువ ఆగుతోందో ఇదే జవాబు, పాపం బంకువాళ్లు ఏం చేయలేదు.

ఇంకోటి, ఒత్తిడి తగ్గితే పెట్రోల్ తక్కువ వేడికే మరుగుతుంది. పెట్రోల్ అంటే ఒకటే ద్రవం కాదు, దాంట్లో తేలికపాటి భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలెడతాయి. కార్బురేటర్ లేని ఇంజెక్షన్ బండ్లలో పంపు ట్యాంకులోనే ఉండి పెట్రోల్‌ని సుమారు 3 బార్ ఒత్తిడితో ముందుకి తోస్తుంది కాబట్టి లైన్‌లో మరగదు, ఈ పాత బండ్లలో పంపు ముందుండి వెనకనుంచి పీలుస్తుంది. పీల్చే లైన్‌లో అసలే ఒత్తిడి తక్కువ, ట్యాంకు కూడా పట్టేస్తే ఇంకా తక్కువ. కాబట్టి ముందు చూసినోళ్లు వేపర్ లాక్ అన్నది పూర్తిగా తప్పు కూడా కాదు, పైపులో ఆవిరి ఉండే ఉంటుంది, కానీ అది మూత చేసిన పని. ఫాయిల్ చుట్టాల్సింది పైపుకి కాదు, చూడాల్సింది వెనక మూత వైపు.

రంధ్రం ఉన్న సరైన మూత తెప్పించి పెట్టాం. కొందరు ఇలాంటప్పుడు మూతకి డ్రిల్ కొట్టేస్తారు, అది చేయొద్దు, మలుపులో పెట్రోల్ బయటికి చిమ్ముతుంది, పెట్రోల్ ఆవిరి ఎక్కడికి పోయి ఎక్కడ అంటుకుంటుందో మన చేతిలో ఉండదు. ఫిల్టర్ తీసేశా, పీక్కుపోయిన పైపు మార్చా, క్లిప్పులు తీసి ఓనర్ చేతికిచ్చా. గంటసేపు నడిపాం, ఆగలేదు. బండి ఇచ్చేశా.

నాలుగో రోజు ఫోన్. "మళ్లీ ఆగింది."

చెడ్డ పని ఇదే. ఆయన రెండు రకాలుగా ఆగుతుంది అని నోటితో చెప్పాక, ఒక రకానికి కారణం దొరగ్గానే నేను సంబరపడి రెండోదాన్ని వదిలేశా. మూత కథ అంత బాగా కుదిరింది కదా, అన్ని ప్రశ్నలకీ జవాబు దొరికినట్టు అనిపించింది. టెస్ట్ డ్రైవ్ కూడా పొద్దున్నే చల్లటి పూట, ఆగకుండా సాఫీగా పోయే రోడ్డు మీద చేశా. ఆయన నడిపేది సిగ్నల్ దగ్గర ఆగి ఆగి. ఇంజిన్ బేలో వేడి ఎక్కువ పేరుకునేది బండి నిలబడ్డప్పుడే, కదిలేటప్పుడు కాదు.

ఈసారి అసలు కదల్లేదు. షెడ్డులోనే, తలుపులు తెరిచి, పొగ బయటికి పోయేలా గొట్టం పెట్టి, బోనెట్ మూసి స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, వదిలేశా. స్లోలో పెట్రోల్ ఖర్చు చాలా తక్కువ కాబట్టి ట్యాంకు గొడవ లెక్కలోకి రాదు, ఒక్క వేడే మిగుల్తుంది. టైమింగ్ లైట్ మళ్లీ తగిలించి కుర్చీ వేసుకుని కూర్చున్నా. ముప్పై నాలుగో నిమిషం దాకా ఏం లేదు, మా కుర్రాడు విసుక్కుని వెళ్లిపోయాడు కూడా. తర్వాత లైట్ అక్కడక్కడా ఒక మెరుపు మింగడం మొదలైంది, ఇంజిన్ చప్పుడులో చిన్న మిస్సింగ్, ఒక నిమిషం పాటు అలా గునిసి టక్కున పోయింది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది, లైట్ లేదు.

కరెంట్ వైపు వేడికి పోయేవి ముఖ్యంగా నాలుగు: కండెన్సర్, కాయిల్, డెల్కో లోపల పాయింట్లకి వెళ్లే మెత్తటి వైరు, రోటర్ (డెల్కోలో తిరుగుతూ ప్లగ్గు వైర్లకి కరెంట్ పంచే ముక్క). అందరూ మొదట అనుమానించేది కండెన్సర్‌ని, న్యాయంగానే, కొత్తవి కూడా వేడికి చచ్చిపోతుంటాయి. దాన్ని విప్పి మార్చడం కన్నా తేలిక దారి ఉంది. డెల్కోలో ఉన్నదాని వైరు విడదీసి, పనిచేస్తుందని తెలిసిన కండెన్సర్ ఒకటి బయటే వేలాడదీసి, దాని ఒంటిని ఎర్త్ చేసి వైరుని కాయిల్ నెగటివ్ వైపు క్లిప్‌తో తగిలించా. పాతదాన్ని విడదీయకపోతే, అది లోపల షార్ట్ అయి ఉంటే బయటది పెట్టినా లాభం లేదు. స్టార్ట్ అవ్వలేదు. అంటే కండెన్సర్ కాదు. డెల్కో లోపలి వైరుని చెక్కముక్కతో అటూ ఇటూ కదిపి చూశా, వాక్యూమ్ పైపు పీల్చి పాయింట్లు కూర్చునే ప్లేటు కదిపా, మీటర్లో తేడా లేదు. హెచ్‌టీ వైరుకి ఏడు మిల్లీమీటర్ల గ్యాప్ ఉన్న టెస్టర్ పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే స్పార్క్ దూకట్లేదు, గ్యాప్ తగ్గిస్తే పసుపు రంగులో సన్నగా ఒక దారంలా వచ్చింది. మంచి స్పార్క్ నీలంగా ఉంటుంది, టిక్ టిక్‌మని చప్పుడు కూడా వినపడుతుంది. ఇది కాయిల్‌కీ డెల్కోకీ మధ్యే చూశాం కాబట్టి రోటర్ కూడా తప్పుకుంది.

కాయిల్ మీద చెయ్యి పెట్టా, వెంటనే తీసేశా, ఒక్క సెకను కూడా పెట్టలేనంత. తాళం ఆఫ్ చేసి తడిగుడ్డ చుట్టా, చివర టెర్మినల్స్‌కి నీళ్లు తగలకుండా. పది నిమిషాలకి సెల్ఫ్ కొడితే మొదటి చుట్టుకే లేచింది. మిగతా ఇంజిన్ అంతా వేడిగానే ఉంది, చల్లబడింది కాయిల్ ఒక్కటే.

ఇక్కడితో ‘కాయిల్ పోయింది, కొత్తది వేయండి’ అని రాసి ఊరుకోవచ్చు. కానీ ఈ కాయిల్ వేసి మూడు నెలలు కాలేదు. కొత్త కాయిల్ ఎందుకు కాలుతోంది? ఇంకోటి వేస్తే అదీ కాలుతుంది కదా. వైర్లు రెండూ విప్పి రెసిస్టెన్స్ (కరెంట్‌కి ఎంత అడ్డు ఉందో) కొలిచే మీటర్ పెట్టా. ముందు మీటర్ వైర్ల కొసలు ఒకదానికొకటి ఆనించి చూస్తే 0.2 ఓమ్ చూపిస్తోంది, అది తీసేయాలి, చిన్న రీడింగుల్లో ఇది మర్చిపోతే అంతా తారుమారు. పూర్తిగా చల్లారాక కాయిల్ రీడింగ్ 1.7, అంటే అసలు 1.5 ఓమ్.

అదీ కథ. బ్యాలస్ట్ (కరెంట్ తగ్గించే రెసిస్టర్) లేకుండా 12 వోల్టుల మీద నేరుగా పనిచేసే కాయిల్‌కి ప్రైమరీ, అంటే బ్యాటరీ కరెంట్ పారే చుట్టు, సుమారు 3 ఓమ్ ఉంటుంది. 1.5 ఓమ్ కాయిల్ బ్యాలస్ట్ రకం, దాని ముందు సిరీస్‌లో ఇంకో ఓమున్నర రెసిస్టర్ ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం ఆ రెసిస్టర్‌ని దాటించి బ్యాటరీ మొత్తం కాయిల్‌కి ఇస్తారు, బ్యాటరీ నీరసపడినా స్పార్క్ గట్టిగా ఉండాలని. ఈ 62 మోడల్‌లో అలాంటి రెసిస్టరేం లేదు. 12 వోల్టులకి 3 ఓమ్ అయితే 4 ఆంపియర్లు, 48 వాట్లు. 1.5 ఓమ్ అయితే 8 ఆంపియర్లు, 96 వాట్లు, పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపూ. ఇంజిన్ నడిచేటప్పుడు పాయింట్లు తెరుచుకుంటూ ఉంటాయి కాబట్టి సగటు ఇంతకన్నా తక్కువే, అయినా మామూలు కంటే రెట్టింపుకి దగ్గర. సోల్డరింగ్ ఐరన్ ఒకటి మూసి పెట్టిన డబ్బాలో పెట్టినట్టు. లోపల చుట్ల మీది ఇన్సులేషన్ వేడికి మెత్తబడి, బయటికి రావాల్సిన స్పార్క్ లోపలే దూకేస్తుంది, చల్లారితే మళ్లీ నిలబడుతుంది. ఇదంతా మీటర్‌కి కనపడదు, మీటర్ ఇచ్చేది చిన్న వోల్టేజీ, అక్కడ నడిచేది వేల వోల్టులు.

చిన్న మాట ఒకటి, కాయిల్ వేడి మీద రీడింగ్ పెరిగితే అది పోయినట్టు కాదు. రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి 0.4 శాతం దాకా పెరుగుతుంది, చల్లగా 3 ఓమ్ ఉన్నది 80 డిగ్రీల దగ్గర 3.7 చూపించడం మామూలే. దీన్ని చూసి బంగారంలాంటి కాయిల్స్ పారేసినోళ్లని చూశా.

కాయిల్ మీద అది ఏ రకమో స్టిక్కర్ ఉంటుంది కదా అంటారేమో. ఉండేదే. పాత కాలం లుక్ రావాలని ఓనర్ స్టిక్కర్ పీకేసి నల్లరంగు కొట్టారు! మొదటిసారి నేను కొత్త కాయిలే కదా అని దాని జోలికే పోలేదు. కొత్తది అంటే మంచిది అని కాదు, కొత్తది అంటే ఇంకా ఎవరూ పరీక్షించనిది.

ఇప్పుడు తారీఖుల వారీగా పేర్చితే మొత్తం అర్థమైంది. మొదట మూత మారింది. దాంతో బండి దగ్గి దగ్గి ఆగడం మొదలైంది. దానికి వైద్యంగా పంపు, ప్లగ్గులు, కాయిల్ మార్చారు. ఆ కాయిల్ తప్పు రకం కావడంతో టక్కున ఆగడం అనే రెండో రోగం వచ్చింది. అంటే మొదట ఈ బండికి వేడికి ఆగే జబ్బే లేదు, వేడికి ఆగుతోందని చేసిన వైద్యం వల్ల నిజంగానే వేడికి ఆగే జబ్బు తగులుకుంది. ఏ వస్తువు ఎప్పుడు మార్చారో, ఆగే తీరు ఎప్పుడు మారిందో మొదటి రోజే రెండు వరసలుగా రాసుకుని ఉంటే నాకు నాలుగు రోజులు మిగిలేవి. ఓనర్ చెప్పాల్సింది చెప్పారు, ఆయన తప్పు లేదు.

చేసిన పని: 3 ఓమ్ కాయిల్ వేశా, దాన్ని ఇంజిన్ బ్లాకు మీంచి తీసి వెనక బల్క్‌హెడ్ రేకు (ఇంజిన్‌కీ లోపలి సీట్లకీ మధ్య గోడ) మీదకి మార్చా. పాయింట్లు తీస్తే ముఖాలు నీలం తిరిగి ఒకవైపు గుంట, రెండోవైపు మొటిమ, రెట్టింపు కరెంట్ మోసి మోసి. అవి మార్చి గ్యాప్ 0.38 మిల్లీమీటర్లు పెట్టి, డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) 60 డిగ్రీలు చూసుకుని, ఆ తర్వాతే టైమింగ్ పెట్టా. ఈ వరస తిప్పకూడదు, గ్యాప్ మారితే టైమింగ్ కదుల్తుంది. కండెన్సర్ బాగానే ఉంది, అయినా కొత్త పాయింట్లతో పాటు మార్చేశా, తీసింది బయట వేలాడదీసే టెస్ట్ కండెన్సర్‌గా డబ్బాలో వేసుకున్నా. ఓనర్‌కి ఒకటే గట్టిగా చెప్పా, ఇంజిన్ ఆగినప్పుడు తాళం ఆన్‌లో వదిలేయొద్దు సార్, రేడియో వినడానికి కూడా వద్దు, పాయింట్లు మూసుకున్న చోట ఆగి ఉంటే మంచి కాయిల్ కూడా ఉడుకుతుంది.

ఈసారి టెస్ట్ ఆయన నడిపే పద్ధతిలోనే. ఫుల్ ట్యాంకు, మధ్యాహ్నం ఎండ, గంటన్నర ఆగి ఆగి డ్రైవింగ్, వచ్చి బోనెట్ మూసి నలభై ఐదు నిమిషాలు స్లో. కాయిల్ వేడిగా ఉంది, కానీ చెయ్యి పెట్టి ఉంచగలిగా. లైట్ ఒక్క మెరుపు కూడా మింగలేదు.

ఒక్కటి మిగిలింది. వేడి మీద ఆపి పది నిమిషాలకి మళ్లీ స్టార్ట్ చేస్తే కొంచెం ఎక్కువసేపు సెల్ఫ్ అడుగుతోంది. గాలి ఆడక ఎగ్జాస్ట్ వేడి కార్బురేటర్‌కి పాకి, ఛాంబర్లో పెట్రోల్ పొంగి లోపలికి కారడం వల్ల. కార్బురేటర్‌కీ ఎగ్జాస్ట్‌కీ మధ్య ఉండాల్సిన రేకు ఎప్పుడో ఎవరో తీసేశారు. యాక్సిలరేటర్ సగం నొక్కి పట్టుకుని, పంపు కొట్టినట్టు ఊపకుండా సెల్ఫ్ కొడితే లేస్తోంది. కొలతలు తీసుకున్నా, రేకు కత్తిరించి బిగించాలి. ఈలోగా క్లిప్పులు మళ్లీ పెట్టొచ్చా అని ఆయన అడిగారు, బట్టలకి పెట్టుకోండి సార్ అన్నా.